థర్జా ఎంచిన రెక్కల కుర్చీ

1976 వేసవి తర్వాత కత్‌బర్ట్ పాటిసన్ మంచం మీద పడుకోలేదు. పడుకోలేకపోయాడు. వెల్లకిలా వాలిస్తే చాలు, నీళ్ళలో ముంచినట్టు గిలగిల్లాడేవాడు. పద్నాలుగో ఏట గనిలోకి దిగి, నలభై రెండేళ్ళు రాయీ బొగ్గూ తొలిచి, గని మూసేసిన నాడు ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో మోసుకుని పైకి వచ్చిన మనిషి. మా గని ఊరు రూక్‌హిల్‌లో అలాంటివాళ్ళు వీధికి నలుగురైదుగురు ఉండేవారు. వాళ్ళలో అందరికంటే ముందు పోయినవాడు మా నాన్న. పాటిసన్ వాళ్ళింటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఆ గోడ దాటి వచ్చే దగ్గు నాకు కొత్త కాదు.

"కూర్చోబెట్టే నిద్రపుచ్చాలమ్మా," అన్నాడు డాక్టరు అతని భార్య థర్జాతో. చెప్పడం తేలికే. వంటింటి కుర్చీలో కూర్చోబెడితే కునుకు పట్టగానే తల పక్కకి పడిపోయేది. ఉలిక్కిపడి లేచేవాడు, లేచాక దగ్గు. సోఫాలో కూర్చుంటే కిందికి జారిపోయేవాడు. ఆసుపత్రివాళ్ళు ఇనప గొట్టాల కుర్చీ ఒకటి ఇచ్చారు, దానికి ప్లాస్టిక్ సీటు. అందులో చెమట పట్టి, పొద్దుటికి సగం నేల మీద ఉండేవాడు. అక్టోబరు వచ్చేసరికి అతని కళ్ళు గుంటల్లోకి పోయాయి. దుమ్ము కంటే ముందు నిద్రలేమే చంపేలా ఉందని థర్జాకి అర్థమైంది.

థర్జాకి అప్పుడు అరవై ఒకటి. పొట్టి మనిషి. ఒక మాటతో సరిపోయేచోట రెండో మాట ఖర్చు పెట్టదు. పిల్లలు లేరు. ఆదివారం చాపెల్‌లో ప్రార్థన, సోమవారం ఉతుకు, గురువారం రొట్టెలు. నలభై ఏళ్ళుగా ఆ వరస తప్పలేదు. పెళ్ళికి ముందు మూడేళ్ళు గని మేనేజరు లాంగ్‌స్టాఫ్ ఇంట్లో పనిచేసింది. ఆ ఇంట్లో దుమ్ము తుడిచిన సామానులో ఒక రెక్కల కుర్చీ ఉండేది. అంటే, వీపు తలకంటే ఎత్తుగా ఉండి, తలకి అటూ ఇటూ చెవుల్లా రెండు రెక్కలు ముందుకి వచ్చే పాతకాలపు కుర్చీ. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు పక్కనుంచి కొట్టే చలిగాలిని ఆ రెక్కలు ఆపుతాయి. నిద్రలో వాలిన తలని పడిపోకుండా పట్టుకుంటాయి. భోజనం అయ్యాక లాంగ్‌స్టాఫ్ అందులో నోరు తెరుచుకుని గంటసేపు నిద్రపోవడం ఆమె రోజూ చూసింది. తల ఒక్కసారి కూడా పడేది కాదు.

"కత్‌బర్ట్‌కి అలాంటిది కావాలి," అంది నాతో, దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ. "అదే కాదులే. అలాంటిది."

కుర్చీల గురించి ఆమెకి ఏమీ తెలియదు. తెలిసినవాణ్ణి వెతుక్కుంటూ బస్సెక్కి పక్క పట్నం వెళ్ళింది. అక్కడ పాత కుర్చీలకి మెత్తా గుడ్డా మార్చే జోసయా టేట్ అనే ముసలాయన ఉన్నాడు. నోట్లో ఎప్పుడూ చిన్న మేకులు ఉంచుకుని, వాటి మధ్యనుంచే మాట్లాడేవాడు.

"ముందు కూర్చుని చూడకండి," అన్నాడు టేట్. "అందరూ చేసే తప్పు అదే. మెత్తగా ఉంటే మోసపోతాం. పందెం కుక్కని కొనేవాడు మొహం చూస్తాడా, కాళ్ళు చూస్తాడా?"

"కాళ్ళు."

"అదీ. ముందు కాలు ఒకటి పట్టుకుని బెత్తెడు పైకి లేపండి. రెండో ముందు కాలు కూడా వెంటనే నేల వదలాలి. వదల్లేదా, లోపల కీళ్ళు ఊగుతున్నాయన్నమాట. పైన పట్టు పరిచినా మఖమలు పరిచినా అది పోయిన కుర్చీయే."

తర్వాత ఒక కుర్చీని బోర్లించి కింద చూపించాడు. చేత్తో కొట్టిన మేకులు ఎలా ఉంటాయో, ఈ మధ్య కాలంలో మెషినుతో కొట్టిన పిన్నులు ఎలా ఉంటాయో చూపించాడు. చెక్క మీద మేకుల కన్నాలు ఎన్ని వరసలుంటే అన్నిసార్లు గుడ్డ మార్చినట్టట. మూడు వరసలైతే ఫరవాలేదు, ఆరైతే చెక్క జల్లెడే. పురుగు కన్నాలు కనిపిస్తే కింద నల్లగుడ్డ పరిచి తట్టమన్నాడు.

"పొడి రాలిందంటే పురుగు ఇంకా తింటోందని. ఇంట్లోకి రానివ్వకండి. పిడికిలితో సీటు అదిమి చూడండి. లోపల గుర్రపు వెంట్రుక ఉంటే మెల్లగా తిరిగి తన్నుతుంది. స్పాంజి అయితే మింగేస్తుంది. ఊపిరి లేని మనిషి స్పాంజిలో కూరుకుపోతే లేవలేడు."

"వందేళ్ళ నాటిది కావాలా? కొత్తదైనా ఫరవాలేదా?"

"వందేళ్ళు దాటితే ఆంటిక్ అని పేరు పెట్టి కోటు వేసుకున్నవాళ్ళు కొంటారు. దాటకపోతే పాతదని మనం కొంటాం. ఆయన నడుముకి ఆ సంగతి తెలీదమ్మా. ఆయన కొలతలు తెండి చాలు."

ఆ సాయంత్రం ఆమె కొలతలు తీసుకుంటుంటే నేను అక్కడే ఉన్నాను. అల్లిక ఊలు దారం తీసుకుని కత్‌బర్ట్ మడమ నుంచి మోకాలి మడత దాకా చాచి ఒక ముడి వేసింది. తుంటి నుంచి మోకాలి దాకా ఇంకో ముడి.

"ఏంటే, శవప్పెట్టెకా కొలుస్తున్నావ్?" అన్నాడు కత్‌బర్ట్.

"కాలు కదపకు. పెట్టెకైతే పొడుగొక్కటే చాలు, మోకాళ్ళతో పనేంటి?"

అతను నవ్వబోయి దగ్గాడు. ఆమె ఆగి, దగ్గు తగ్గేదాకా దారం అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత సీటు నుంచి చెవి దాకా కొలిచి మూడో ముడి వేసింది. రెక్క సరిగ్గా అక్కడ ఉండాలి. ఒక అంగుళం కిందికున్నా తల దాని మీంచి జారిపోతుంది.

ఆ దారం కోటు జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగింది. సంత హాల్లో గులాబీరంగు మఖమలు కుర్చీ ఒకటి దొరికింది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ముందు కాలు లేపితే రెండోది నేలకి అతుక్కుపోయింది. అమ్మేవాడు, "ఏమ్మా, కుర్చీని నాట్యానికి పిలుస్తున్నావా?" అని ఎగతాళి చేశాడు. థర్జా ఆ కాలు వదిలేసి వచ్చేసింది. ఒక రైతు ఇంటి వేలంలో మంచి కీళ్ళున్న కుర్చీ దొరికింది, నల్లగుడ్డ మీద తట్టేసరికి పిండి జల్లించినట్టు పొడి రాలింది. దుకాణంలో పెట్టిన ఇరవై ఏళ్ళ నాటిది ఒకటి అన్నివిధాలా బాగానే ఉంది కానీ లోపల స్పాంజి. ఆమే అందులోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

నవంబరు మొదట్లో లాంగ్‌స్టాఫ్ పోయాడు. తొంభై ఒకటో ఏట, సొంత మంచం మీద, నిద్రలో. ఇంట్లో సామాను అమ్ముతున్నారని పోస్టాఫీసు గోడకి కాగితం అంటించారు.

థర్జా ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడిందని పోస్టాఫీసు అమ్మాయి తర్వాత నాతో చెప్పింది. లాంగ్‌స్టాఫ్ పేరెత్తితే కత్‌బర్ట్ ఉమ్మేసేవాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు, మాకందరికీ తెలుసు. కానీ రూక్‌హిల్‌లో గనిలో పనిచేసిన ఏ మగాడు ఉమ్మెయ్యడు గనక? ఆమె దాన్ని అందరికీ ఉండే కోపమే అనుకుంది.

ఆ ఇంటికి నన్ను తోడు రమ్మంది. లాంగ్‌స్టాఫ్ కూతురు డెబ్బైకి దగ్గర పడిన మనిషి, ముత్యాల దండ వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

"థర్జా కదూ నువ్వు? మా ఇంట్లో ఉండేదానివి. గాజు బుడ్డి పగలగొట్టావు."

"పగలగొట్టింది ఎడ్నా అండీ. తిట్లు తిన్నది నేను."

"అలాగా," అంది ఆవిడ. పెద్దగా బాధపడలేదు.

కుర్చీ అదే చోట ఉంది, పొయ్యికి కుడిపక్క. ముదురాకుపచ్చ తోలు, చేతుల దగ్గర నలిగి నల్లబడింది. థర్జా తిన్నగా వెళ్ళి ముందు కాలు పట్టుకుని లేపింది. రెండో కాలు వెంటనే నేల వదిలింది. కీళ్ళు కిర్రుమనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కిందికి తల దూర్చి చూసింది. చేత్తో కొట్టిన మేకులే, రెండు వరసల కన్నాలు. నల్లగుడ్డ మీద ఏమీ రాలలేదు. ముక్కు ఆనించి వాసన చూసింది. పిడికిలితో అదిమితే సీటు మెల్లగా తిరిగి తన్నింది. జేబులోంచి దారం తీసింది. మొదటి ముడి సరిపోయింది. రెండోది సరిపోయింది. మూడో ముడి రెక్క వంపు మధ్యలోకి వచ్చి ఆగింది.

ఆమె మొహంలో సంతోషం కనిపించలేదు. రక్తపరీక్షలో అనుకున్నదే తేలిన మనిషిలా ఉంది.

"కూర్చో, కూర్చుని చూడు," అంది లాంగ్‌స్టాఫ్ కూతురు. "మా నాన్నకి ఇది ప్రాణం."

థర్జా కూర్చోలేదు. అడిగిన డబ్బు ఇచ్చేసింది. బయటికి వచ్చాక నాతో, "నోరా, ఇది ఎక్కడిదో నీకూ తెలీదు, నాకూ తెలీదు," అంది.

నేను తల ఊపాను. నేనూ అందులో భాగస్థురాలినే. అది దాచుకుని ఈ కథ చెప్పలేను.

కుర్చీ తిన్నగా టేట్ దగ్గరికి వెళ్ళింది. తోలు మొత్తం ఒలిచెయ్యమంది. కాళ్ళకి రంగు మార్చమంది. పాత యజమాని కూడా గుర్తుపట్టకూడదంది.

"దొంగసొత్తా అమ్మా?" అన్నాడు టేట్, మేకుల మధ్యనుంచి.

"కాదు. అంతకంటే పాడుది."

టేట్ ఆమె మొహం చూసి తోలు ఒలిచే కత్తి అందుకున్నాడు. పది రోజుల తర్వాత గోధుమరంగు ఊలు గుడ్డ వేసుకుని, కాళ్ళు నల్లబడి, కుర్చీ మా వీధికి వచ్చింది. స్టాన్‌బీ చర్చి పాస్టరుగారి భార్యదని, ఆయన పోయాక ఆవిడ సామాను తగ్గించుకుంటోందని థర్జా మొగుడికి చెప్పింది. పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో అతనికి చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదేనట.

కత్‌బర్ట్ అందులో కూర్చున్నాడు. కాళ్ళు నేల మీద చక్కగా ఆనాయి. చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకుని వెనక్కి వాలాడు. ఏదో చెప్పబోతూ నిద్రలోకి జారిపోయాడు. తల ఎడమ రెక్క మీదికి వాలి అక్కడే ఆగింది. అప్పుడు మధ్యాహ్నం మూడు. మర్నాడు పొద్దున్న ఏడింటిదాకా లేవలేదు. థర్జా మూడుసార్లు నోటి దగ్గర అద్దం పెట్టి చూసుకుందట.

నాలుగు వారాలు. ఆ నాలుగు వారాలూ అతని మొహానికి రంగు వచ్చింది. రోగం తగ్గలేదు, తగ్గే రోగం కాదు. కానీ నిద్రపోయిన మనిషి మనిషిలా ఉంటాడు. పులుసు తాగేవాడు. రేడియోలో ఫుట్‌బాల్ వింటూ తిట్టేవాడు. నేను వెళితే, "చూశావా పిల్లా, సింహాసనం! ఈ పాస్టరుగారు ఎవరో గానీ నా వీపే పెట్టుకుని పుట్టాడు," అనేవాడు. థర్జా పొయ్యిలో బొగ్గు కదిలించే నెపంతో అటు తిరిగేది.

అతను కృతజ్ఞత ఉంచుకునే మనిషి. గొడవంతా దానివల్లే వచ్చింది.

కత్‌బర్ట్ పెరట్లో లీకులు పెంచేవాడు. ఉల్లికాడల్లాంటివే గానీ మనిషి ముంజేయంత లావు. మా ఊళ్ళో మగవాళ్ళు వాటికి పెళ్ళాలకంటే ఎక్కువ సేవ చేస్తారు. ఆ ఏడు అతను తవ్వలేకపోతే, పాత గని స్నేహితుడు విల్ఫ్ రెయిన్ వచ్చి చూసుకున్నాడు. క్రిస్మస్ వారం రోజులుందనగా కత్‌బర్ట్ అన్నిటికంటే మంచివి మూడు తవ్వించి, కడిగించి, కాగితంలో చుట్టించాడు. బస్సులో స్టాన్‌బీ వెళ్ళి ఆ పాస్టరుగారి భార్యకి ఇచ్చి రమ్మని విల్ఫ్‌ని పంపాడు. థర్జా అప్పుడు చాపెల్‌లో ఉంది. ఆమెని ఆశ్చర్యపరుద్దామనే చెప్పలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి విల్ఫ్ కూడా తిరిగొచ్చి ఉన్నాడు, లీకులతో సహా.

"అక్కడున్న పాస్టరుకి పెళ్ళే కాలేదురా," అంటున్నాడు. "ముందాయన భార్య యుద్ధం రోజుల్లోనే పోయిందట. ఊరంతా అడిగాను. ఎవరికివ్వాలో తెలీక వెనక్కి తెచ్చా. బస్సులో జనం నన్ను చూసి ముక్కులు మూసుకున్నారు."

కత్‌బర్ట్ పెళ్ళాం వైపు చూశాడు. ఆమె టోపీ కూడా తియ్యలేదు.

"ఎవరిదే ఇది?"

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. ఊరి పేరు తప్పుగా చెప్పానని అనొచ్చు. విల్ఫ్ కూడా నమ్మేవాడు. కానీ ఆమెకి ఒక అబద్ధం మొయ్యడమే చేతకాలేదు.

"లాంగ్‌స్టాఫ్‌ది."

విల్ఫ్ లీకులు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. గోడ ఇవతలున్న నాకు అతను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ఆ మీదట వాళ్ళు ఏమన్నారో థర్జా నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

కత్‌బర్ట్ కుర్చీ చేతులు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచాడట. బల్ల దగ్గరికి నడిచి, గట్టి కుర్చీలో కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగాడు.

"యాభై ఒకటిలో ఆయనింటికి వెళ్ళాను," అన్నాడు. "నీకు చెప్పలేదు. రాయి తొలిచే మరకి నీళ్ళ గొట్టం తగిలిస్తే దుమ్ము లేవదని అందరికీ తెలుసు. నీళ్ళు పెట్టించమని అడగడానికి మావాళ్ళు నన్ను పంపారు. పనిమనిషి గుమ్మంలో పేపరు పరిచి దాని మీద నిలబడమంది. బూట్లు తివాచీకి తగలకూడదుగా. నిలబడ్డాను. ఆయన పొయ్యికేసి తిరిగి ఈ కుర్చీలో కూర్చున్నాడు. నావైపు తిరగలేదు. ఈ రెక్క అడ్డం, మొహం కూడా కనపళ్ళేదు. చెయ్యొక్కటే కనపడింది. నేను చెప్పిందంతా అయ్యాక, ఆ చెయ్యి ఇలా అంది."

ఈగని తోలినట్టు వేళ్ళు విదిలించి చూపించాడట.

"అంతే. మాట కూడా లేదు. పేపరు మీద వెనక్కి తిరిగి వచ్చేశాను. నాలుగు వారాల్నుంచీ నా చెయ్యి అక్కడే పెట్టుకుని నిద్రపోతున్నాను."

"నాకు తెలీదు, బర్ట్."

"ఆయన్ని నేనేమంటానో నీకు తెలుసు. తెలిసే దాచావు. గుడ్డ మార్చావు. కాళ్ళకి రంగేశావు."

"నువ్వు నిద్రపోయావు. నువ్వు నిద్రపోయావు, అది చూశాను నేను. దానికోసం వాడిదేంటి, సైతానుదైనా తెచ్చేదాన్ని."

"నన్ను అడగలేదు."

"అడిగితే ఒద్దనేవాడివి!"

"అందుకే అడగాలి," అన్నాడు కత్‌బర్ట్.

ఆ రోజు నుంచి అతను ఆ కుర్చీలో కూర్చోలేదు. బల్ల మీద రెండు దిళ్ళు వేసుకుని, వాటి మీద చేతులు, చేతుల మీద తల పెట్టుకుని కునికేవాడు. వారంలో మొహం మళ్ళీ మునుపటిలాగైపోయింది. కుర్చీ బయట పారేస్తానంది థర్జా. "పారెయ్యి, పారెయ్యకపో. నాకేం," అన్నాడు. విల్ఫ్ వచ్చి బతిమాలాడు.

"చచ్చినవాడి కుర్చీకేం తెలుసురా? చెక్కా వెంట్రుకలూ."

"దానికి తెలీదు. నాకు తెలుసు."

"పంతానికి ఊపిరి పోగొట్టుకుంటున్నావు."

"నా దగ్గరున్న ఊపిరే కదరా. ఎక్కడ పోగొట్టుకోవాలో నా ఇష్టం."

జనవరి మంచులో థర్జా మళ్ళీ దారం జేబులో వేసుకుని బయల్దేరింది. బస్సులు ఆగిపోయిన రోజుల్లో నడిచే వెళ్ళింది. పట్నాలు మూడు తిరిగింది. చివరికి ఒకటి తెచ్చింది, సన్నకాళ్ళది, ఆడవాళ్ళు కూర్చునే పొట్టి రకం. మూడో ముడికి రెక్క రెండంగుళాలు తక్కువని కొనేటప్పుడే ఆమెకి తెలుసు. కత్‌బర్ట్ ఆమె మొహం చూసి అందులో కూర్చున్నాడు. తల రెక్క మీంచి బయటికి వేలాడింది. రెండు రోజులు మెడనొప్పి ఓర్చుకుని మళ్ళీ బల్ల దగ్గరికే వెళ్ళాడు. "బానే ఉంది, థర్జా, కుర్చీ బానే ఉంది. నా తలే పొడుగు," అన్నాడట. ఆమెని ఓదార్చడానికి ఆఖరుగా అన్న మాట అది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండింటికి, థర్జా పొయ్యి ఊచతో గోడ మీద కొట్టింది. నేను పరిగెత్తాను. కత్‌బర్ట్ బల్ల మీంచి పక్కకి ఒరిగి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతులోంచి తడి గుడ్డ చింపుతున్న చప్పుడు. డాక్టరుకి కబురు వెళ్ళింది, రావడానికి గంట పడుతుంది. నేల మీద పడుకోబెడితే ఆ నిమిషమే పోతాడు. బల్ల మీద ఆనడానికి చేతుల్లో పట్టు లేదు.

థర్జా లాంగ్‌స్టాఫ్ కుర్చీ కేసి చూసింది. అది క్రిస్మస్ నుంచీ గోడవైపు తిప్పి ఉంది.

"పట్టు, నోరా."

"ఆంటీ, ఆయన…"

"పట్టు అన్నానా."

నేను దాన్ని ఇటు తిప్పాను. ఇద్దరం అతన్ని చంకల కింద పట్టుకుని లేపాం. అంత పొడుగు మనిషి, ఎండిన గడ్డిమోపు బరువు కూడా లేడు. కుర్చీలో కూర్చోబెట్టాం. తల రెక్కకి ఆనింది. కొద్దిసేపట్లోనే ఊపిరి కాస్త నెమ్మదించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూస్తున్నాయి. నోరు కదిలింది గానీ మాట తయారవడానికి గాలి చాలలేదు.

థర్జా అతని కుడిచేయి కుర్చీ చేతి మీద పెట్టింది. అది మెల్లగా జారి ఒళ్ళోకి వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. మూడోసారి ఆమె పెట్టలేదు. తన రెండు చేతుల్లోకి తీసుకుని నేల మీద కూర్చుంది.

డాక్టరు వచ్చి సూది వేసి వెళ్ళాడు. కత్‌బర్ట్ చీకటి పడేవేళకి పోయాడు.

అంత్యక్రియల రోజు ఇల్లు నిండిపోయింది. మెట్ల మీద కూడా జనం టీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. విల్ఫ్‌కి మోకాళ్ళ నొప్పులు, అయినా నిలబడే ఉన్నాడు. గోధుమరంగు కుర్చీ ఖాళీగా ఉంది. కథ తెలియని దూరపు చుట్టం ఒకావిడ అందులో కూర్చోబోతే, నేను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాను.

వసంతంలో ఐనా బుల్మర్ అనే ఆవిడ వచ్చింది. పక్క వీధి మనిషి. ఆమె భర్త నార్మన్‌దీ అదే రోగం, అప్పుడే పడుకోవడం మానేశాడు.

"థర్జా, ఏమీ అనుకోకు. ఆ కుర్చీ నీకిక అక్కర్లేకపోతే…"

"అది ఇవ్వను," అంది థర్జా. ఐనా బుల్మర్ మొహం ముడుచుకుంది. "వేరేది చూసిపెడతాను. కానీ ముందు నార్మన్‌ని అడగాలి."

ఆ వారమే దారం పట్టుకుని బుల్మర్ల ఇంటికి వెళ్ళింది. కొలతలు తియ్యకముందే నార్మన్ ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఎవరిదైతే నువ్వు కూర్చోవు?"

నార్మన్‌కి వింతగా తోచింది.

"మా అన్నది. పదేళ్ళయింది మాటల్లేవు. ఏం, వాడు అమ్ముతున్నాడా?"

"లేదు. తెలుసుకుందామని."

అలా మొదలైంది. ఆమె కుర్చీలు బాగా ఎంచుతుందని చుట్టుపక్కల గని ఊళ్ళలో తెలిసిపోయింది. ఆడవాళ్ళు వచ్చి ఆమెని వేలాలకి తీసుకెళ్ళేవారు. ఆమె ఎవరినీ చూడకుండా వెళ్ళి ముందు కాలు పట్టుకునేది. ఎగతాళి చేసిన సంత హాలు మనిషే, తర్వాత రోజుల్లో ఆమె రాగానే, "మీరు చూడండమ్మా, తర్వాతే బయట పెడతాను," అనేవాడు. దొరికిన కుర్చీ ఎవరింట్లోంచి వచ్చిందో కనుక్కునేది, దాన్ని ఆ రోగికి ఉన్నదున్నట్టు చెప్పేది. ఇద్దరు ముగ్గురు ఒద్దన్నారు. బాగా సరిపోయే కుర్చీలే. పెళ్ళాలు ఏడ్చారు, థర్జాని తిట్టారు. "ఆయన ఒద్దన్నాడుగా," అనేది, మళ్ళీ వెతకడానికి వెళ్ళేది.

ఒకసారి వేలం నుంచి తిరిగి వస్తూ బస్సులో ఆమెని అడిగాను, ఆ మంగళవారం చేసినదానికి బాధపడుతోందా అని.

"కళ్ళు తెరిచే ఉన్నాయి కదా," అంది. "ఒద్దనడానికి ఊపిరి లేదు. నేను దాన్ని సరేననడం కింద తీసుకున్నాను. రెండోసారి, బర్ట్‌ని రెండోసారి అడక్కుండా చేశాను." కిటికీ వైపు తిరిగింది. "మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను నోరా. అదీ నా బాధ."

నార్మన్ మూడు చలికాలాలు బతికాడు. థర్జా ఎంచిన కుర్చీల్లో మొత్తం పదకొండు మంది కూర్చున్నారు. 1985 నాటికి ఆ పదకొండు మందీ పోయారు. మా వీధిలో, పక్క వీధిలో, ఆ పక్క ఊళ్ళో, గనిలోకి దిగిన ఆ తరం మగవాళ్ళు ఇక మిగల్లేదు. ఆమె దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. ఒక గురువారం నేను వెళ్ళేసరికి ఆమె రొట్టె పిండి కలుపుతోంది, ఒక్క మనిషికి సరిపడా.